గడ్డి వాల్మాది, నేల కౌన్సిల్‌ది

వాల్మా ట్రెలోర్ తన ఇంటి ముందు పెంచిన గడ్డి తనది కాదని చెప్పడానికి కౌన్సిల్ రూళ్ళు చూసే ఉద్యోగి, రేంజర్, వచ్చిన రోజున నేను ఎదురుగా ఉన్న మా ఇంటి మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాను. కప్పు పక్కన పెట్టి రోడ్డు దాటి వెళ్ళాను. ఆ తర్వాత జరిగినదంతా తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఈ కథ చల్లగా చెప్పడం నా వల్ల కాదు, ముందే చెబుతున్నాను.

ఆస్ట్రేలియాలో మా పెర్త్ శివార్లలో ప్రతి ఇంటి కంచెకూ రోడ్డుకూ మధ్య ఒక గడ్డిపట్టీ ఉంటుంది. నేల కౌన్సిల్‌ది, చాకిరీ ఇంటివాళ్ళది. గడ్డి మోకాలెత్తు పెరిగితే ఇంటివాళ్ళకు నోటీసు వస్తుంది. అదే గడ్డి మీద వాళ్ళు నాలుగు రాళ్ళు పేర్చుకుంటే అప్పుడూ నోటీసే. అక్కడ నిలబడిన చెట్టు కౌన్సిల్‌ది, అది రాల్చే ఆకులు మనవి. ఇంత చక్కటి పంపకం చేసిన మహానుభావుడెవరో గానీ, అతని ఇంటి ముందు మాత్రం గడ్డి ఉండి ఉండదు.

వాల్మా గోధుమ పొలాల మధ్య ఒక చిన్న రైల్వే స్టేషను ఊళ్ళో పుట్టింది. క్లారీని పెళ్ళి చేసుకుని ఈ వీధికి వచ్చేనాటికి ఇక్కడ ఇసుక తప్ప ఏమీ లేదట. క్లారీ రైలు వర్క్‌షాపులో ఫిట్టరు. మామగారి పెరట్లోంచి బఫెలో అనే రకం గడ్డి తీగలు తవ్వి, తడి గోనెసంచుల్లో చుట్టి, రైలు గార్డు పెట్టెలో వేసుకుని తెచ్చాడు. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని ఆ తీగలను ఒక్కొక్కటే ఇసుకలో గుచ్చారు. అప్పటికి రోడ్డు పడలేదు, కంచె లేదు. తమ స్థలం ఎక్కడిదాకా అన్నది కూడా సరిగ్గా తెలియదు. గడ్డి బాగా నాటుకున్నాక సర్వేయరు వచ్చి దాని నడిమధ్యన ఒక మేకు దిగ్గొట్టి, ఇటుపక్క మీది, అటుపక్క మాది అన్నాడు. ఆ సంగతి గడ్డికి తెలీదుగా అని క్లారీ నవ్వాడట. నవ్వే మనిషి ఆయన. కోపం మొత్తం వాల్మా వాటాకే వచ్చింది.

ఆ కోపంతోనే ఆమె బతికింది కూడా. స్కూలు ముందు చేతిలో ఆగు అన్న పలక పట్టుకుని పిల్లలను రోడ్డు దాటించే ఉద్యోగం ఆమెది. ఎండైనా వానైనా ఇరవై ఏళ్ళకు పైగా చేసింది. ఇసుక లారీ అయినా సరే, ఆమె చెయ్యెత్తితే ఆగాల్సిందే. ఒకసారి హెడ్మాస్టరే తొందరపడి కారు ముందుకు పోనిస్తే, బానెట్ మీద పలకతో ఫెడీమని ఒక్కటి వేసి, పిల్లలందరూ దాటేదాకా ఆయన్ని అక్కడే నిలబెట్టింది. ఈ పేటలో నలభై దాటిన వాళ్ళలో ఆమె చేత తిట్లు తినని వాళ్ళు తక్కువ. అదే చేత్తో ఆమె కాల్చిన, మాంసం కూరిన పాస్టీలు తినని వాళ్ళు ఇంకా తక్కువ.

క్లారీకి షుగరు ముదిరి ముందు మోకాలి కింద ఒక కాలు పోయింది. తర్వాత మూత్రపిండాలు పోయాయి. వారానికి మూడుసార్లు, మంగళ, గురు, శనివారాల్లో డయాలిసిస్. రోగులను తీసుకెళ్ళే వ్యాను ఇంటికి వచ్చి చక్రాల కుర్చీతో సహా ఎక్కించుకుని పోతుంది, సాయంత్రం దింపుతుంది. ఆస్పత్రి పక్కనే ఒక హోం ఉంది, అక్కడ చేరితే ఈ ప్రయాణం బాధ ఉండదని అందరూ చెప్పారు. ఆయన వినలేదు. పొద్దున్నే వరండాలో కూర్చోవాలి, రేడియోలో ఫుట్‌బాల్ వినాలి, రెయిలింగు మీద వాలే మాగ్‌పై పిట్టకు చిటికెడు ఖైమా వెయ్యాలి. పోతే ఈ ఇంట్లోంచే పోతాను, నన్ను ఎక్కడికీ పంపకు అని వాల్మా చేత మాట తీసుకున్నాడు. ఆమె ఇచ్చింది. ఆ మాట నిలబెట్టుకోవడం ఒక్కటే ఆ తర్వాత ఆమెకున్న పని.

చిక్కల్లా ఆ వ్యాను ఆగే చోటుతోనే వచ్చింది. వాళ్ళ ఇల్లు రోడ్డుకు పల్లంలో ఉంటుంది. కారు దిగే దారి బాగా ఏటవాలు. అక్కడ వ్యాను ఆపితే ర్యాంపు వంకరగా దిగుతుంది, కుర్చీ బోల్తా పడుతుంది. రోడ్డేమో బస్సులు తిరిగే రోడ్డు, మధ్యలో సిమెంటు దిమ్మె. రోడ్డు మీద రోగిని ఎక్కించడానికి డ్రైవర్‌కు అనుమతి లేదు. మా ఇంటి ముందు బస్‌స్టాప్ ఉంది కాబట్టి అక్కడా ఆగకూడదు. మిగిలినది వాల్మా గడ్డిపట్టీ. బల్లపరుపుగా, గట్టిగా ఉంటుంది. ఇంటి గుమ్మం నుంచి అక్కడిదాకా చుట్టు తిరిగి వచ్చే మెల్లటి వాలు దారి ఒకటి క్లారీ వర్క్‌షాపు స్నేహితులు వచ్చి వేసిపెట్టారు.

మంగళవారం, గురువారం ఏ గొడవా లేదు. శనివారం వచ్చిందంటే వీధి చివరి మైదానంలో నెట్‌బాల్, ఇక్కడి ఆడపిల్లల బంతాట. చలికాలం మొత్తం, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా, ఎక్కడెక్కడి నుంచో ఆడపిల్లలూ వాళ్ళ అమ్మానాన్నలూ కార్లలో దిగిపోతారు. మైదానానికి పెద్ద పార్కింగ్ ఉంది. అది నిండకముందే మా గడ్డిపట్టీలు నిండుతాయి, ఎందుకంటే పార్కింగ్ నుంచి ఆట కోర్టు దాకా నాలుగు అడుగులు ఎక్కువ నడవాలి. పిల్లలు కోర్టులో గంటసేపు పరిగెత్తాలి గానీ, వాళ్ళను తెచ్చిన వాళ్ళ కాళ్ళు మాత్రం కందిపోకూడదు.

దీనికి మొదలు కూడా వాల్మాయే. చాలా ఏళ్ళ కిందట ఒక శనివారం పెద్ద వాన పడి పార్కింగ్ మొత్తం మడుగైంది. క్లబ్బు సెక్రటరీ షాంటెల్ బూత్‌బీ తడుస్తూ వచ్చి, మీ గడ్డి మీద కార్లు పెట్టుకోవచ్చా అని అడిగింది. పెట్టుకోండి తల్లీ, దాందేముంది అంది వాల్మా. పైగా పిల్లలందరికీ వేడివేడి పాస్టీలు పంపింది. వాన తగ్గింది, మడుగు ఎండింది, కార్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. క్లారీ బాగున్న రోజుల్లో ఆమె పట్టించుకోలేదు. చక్రాల కింద గడ్డి చితికిపోతే సోమవారం నాడు ఇసుక పోసి సరిచేసుకునేది, తిట్టుకునేది, ఊరుకునేది.

వ్యాను రావడం మొదలయ్యాక ఊరుకునే వీలు లేకపోయింది. షాంటెల్‌ను పిలిచి విషయం చెప్పింది. షాంటెల్ చెడ్డదేమీ కాదు. అయ్యో పాపం అంది, మా వాళ్ళకు చెబుతానంది. చెప్పిందో లేదో తెలియదు, చెప్పినా ఎవరూ వినలేదు. రెండోసారి పిలిస్తే ఆమె గొంతు మారింది.

"వాల్, అప్పుడు పెట్టుకోమన్నది మీరేగా. మావాళ్ళకి అలవాటైపోయింది."

"వానొచ్చిందని ఒక్కపూటకి పెట్టుకోమన్నా. ఒక్కపూట భోజనానికి పిలిస్తే మంచం తెచ్చి వేసుకుంటావా?"

షాంటెల్ మొహం ముడుచుకుని వెళ్ళిపోయింది. నిజానికి రూలు వాల్మా వైపే ఉంది. ఇంటివాళ్ళ అనుమతి లేకుండా ఆ ఇంటి ముందు గడ్డి మీద ఎవరూ బండి పెట్టకూడదు. అది నమ్మే ఆమె కౌన్సిల్‌కు ఫోన్ చేసింది. వాళ్ళు పలకలేదు. చెత్తడబ్బాలు అడ్డం పెట్టింది. వచ్చిన వాళ్ళు వాటిని మర్యాదగా పక్కకు జరిపి కార్లు పెట్టుకున్నారు. చివరికి సున్నపురాయి దిమ్మెలు నాలుగు తెప్పించి వరసగా పేర్చింది. అప్పుడు కదిలింది కౌన్సిల్. ఎవరో రాళ్ళ మీద ఫిర్యాదు చేశారట. కార్ల మీద ఆమె ఎన్నిసార్లు మొత్తుకున్నా రాని రేంజర్, రాళ్ళ కోసం రెండో రోజుకే వచ్చాడు.

డెయాన్ అని పేరు. నవ్వు మొహం, మెత్తటి మాట. అలాంటి వాళ్ళ మీద అరవడానికి కూడా ఉండదు, నాకు వాళ్ళంటేనే మరీ మంట. నేను వెళ్ళేసరికి వాల్మా చేతులు నడుముకు పెట్టుకుని నిలబడి ఉంది. క్లారీ వరండాలో కూర్చుని వింటున్నాడు.

"ఈ రాళ్ళు తీయించెయ్యాలండీ, మిసెస్ ట్రెలోర్. ఎవరన్నా తట్టుకుని పడితే మీ మీదికొస్తుంది."

"నా మీదికెందుకొస్తుంది? నేల మీదేనన్నావు కదా ఇందాకే."

"నేల మాదేనండీ. రాళ్ళు మీవి."

"మరి శనివారం వచ్చే కార్లు?"

"అవి... వాళ్ళవండీ."

"విన్నావా క్లారీ, అందరికీ ఏదో ఒకటుంది. మనకే ఏం లేదు."

క్లారీ నవ్వాడు. డెయాన్ కూడా నవ్వబోయి ఆమె మొహం చూసి మానేశాడు. అనుమతి సంగతేమిటి, నేనిప్పుడు వద్దంటున్నాను కదా అని వాల్మా నిలదీసింది. అతను దానికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. ఒకప్పుడు ఒప్పుకున్నారని క్లబ్బువాళ్ళు చెబుతున్నారు, వద్దనుకుంటే వచ్చిన ప్రతి బండివాడికీ మీరే స్వయంగా చెప్పాలి, చెప్పాక కూడా తియ్యకపోతే మాకు ఫోన్ చెయ్యాలి, మేము వచ్చి చూస్తాం అన్నాడు. మీరు వచ్చేసరికి ఆట అయిపోతుంది, వాళ్ళు ఇంటికెళ్ళి భోంచేసి పడుకుంటారు అన్నాను నేను. శనివారాలు మాకు మనుషులు తక్కువండీ అన్నాడు. రాళ్ళు లేచిపోయాయి.

వచ్చిన ప్రతి బండివాడికీ చెప్పాలట. ఆ బండ్లు వచ్చేవేళే ఆమె లోపల క్లారీకి చొక్కా తొడగాలి, మేజోడు వెయ్యాలి, మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చాలి. ఒక్క మనిషి రెండు చోట్ల ఎలా నిలబడుతుంది? వాల్మాకు చూపు తగ్గి సొంత కారు ఎప్పుడో అమ్మేసింది, లేకపోతే దాన్నే అడ్డం పెట్టుకునేది. నేను బేకరీలో పని చేస్తాను. శనివారం మాకు ఊపిరాడదు, సెలవు అడిగితే ఉద్యోగమే వదులుకోమంటారు. తెల్లవారుజామున బస్సులుండవు కాబట్టి నా కారు నాతో రావాల్సిందే.

ఒక శనివారం ఆమెకు తిక్క రేగింది. గడ్డిపట్టీ కింద క్లారీ ఎప్పుడో వేసిన స్ప్రింక్లర్ గొట్టాలున్నాయి. మూడు కార్లు నిలబడి ఉండగా కుళాయి తిప్పేసింది. ఒక కారుకు అద్దం దించి ఉంది, సీట్లన్నీ నానిపోయాయి. ఆ కారు ఆసామి ఊరుకుంటాడా, ఫొటోలు తీశాడు. మాకు చలికాలం స్ప్రింక్లర్లు నిషేధం. నీళ్ళ ఆఫీసు నుంచి జరిమానా వచ్చింది, ఎవరికనుకున్నారు, వాల్మాకే. అడగకుండా పరాయి ఇంటి ముందు కారు పెట్టినవాడికి ఏమీ లేదు. తను నాటిన గడ్డికి తను నీళ్ళు పెట్టినందుకు ఆమెకు శిక్ష.

ఆ నెలలోనే రెండుసార్లు వ్యానుకు ఆగే చోటు దొరకలేదు. మొదటిసారి వీధి చుట్టూ తిరిగి తిరిగి, ఒక కారు కదిలాక ఎక్కించుకుంది. ఆలస్యమైనందుకు మిషన్ మీద క్లారీ సమయం కోత పడింది. రెండోసారి అసలు ఆగలేక వెళ్ళిపోయింది. నేను పని నుంచి వచ్చాక ఇద్దరం కలిసి ఆయన్ని నా చిన్న కారులో కుక్కి తీసుకెళ్ళాం. దించేటప్పుడు ఆయన మా చేతుల్లోంచి జారి కింద పడ్డాడు. ఇంకెప్పుడూ ఇలా తీసుకురావద్దని నర్సులు మా ఇద్దరికీ గట్టిగా చివాట్లు పెట్టారు. రెండు రోజులకు వ్యానుల ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఇంకోసారి బండి ఆపే చోటు లేకపోతే ఆ ఇంటికి ఇక పంపలేమని, ఆయన్ని హోంలో చేర్చడమే అందరికీ మంచిదని అటువైపు గొంతు చల్లగా చెప్పింది. అందరికీ అంటే ఎవరెవరికో అడగాల్సింది అంది వాల్మా ఫోన్ పెట్టేశాక.

ఆ తర్వాతి శనివారం నెట్‌బాల్ క్లబ్బు పెద్ద పోటీ. ఎప్పటికన్నా రెండింతల కార్లు వస్తాయి. అయితే ఆ వారమే మా వీధికి పాత సామాన్ల వారం కూడా పడింది.

ఏడాదికోసారి కౌన్సిల్ లారీ వచ్చి, ఇంట్లో అక్కర్లేని పెద్ద సామాన్లన్నీ పట్టుకుపోతుంది. వారం ముందు నుంచీ అందరూ విరిగిన బల్లలూ పరుపులూ తుప్పుపట్టిన మిషన్లూ తమ గడ్డిపట్టీ మీద పెట్టుకోవచ్చు. లారీ వచ్చేలోగా వాటిలో పనికొచ్చేవన్నీ జనమే తీసుకుపోతారు. గడ్డి మీద ఉందంటే వదిలేసిందని అర్థం. ఎవరూ ఎవరినీ అడగరు, అడిగితే నవ్వుతారు. మా వంటింటి బల్ల అలా వచ్చిందే. వాల్మా ఇంట్లో సగం సామాను, క్లారీ రేడియోతో సహా, అలా తెచ్చుకున్నవే. ఆ వారంలో ట్రైలర్ తగిలించుకుని వీధి వీధీ తిరగడం ఇక్కడ చాలా కుటుంబాలకు ఒక పండగ.

శుక్రవారం సాయంత్రం వాల్మా మా తలుపు తట్టింది. మొహం వెలిగిపోతోంది. ఈ వారం నా చెత్తకు కౌన్సిల్ వారే అనుమతిచ్చారు, ఏ రేంజరు వచ్చి ఏమంటాడో చూస్తాను, వచ్చి పట్టు అంది. ఇద్దరం కలిసి రెండు అల్మారాలు, క్లారీ పనిబల్ల, పాత పరుపు, గడ్డి కోసే మిషన్, ఇంకా ఏవేవో ఈడ్చుకొచ్చి, వ్యాను ఆగే చోటు చుట్టూ గోడలా పేర్చాం. వరండాలోంచి క్లారీ ఏ వస్తువు ఎక్కడ పెట్టాలో అరిచి చెబుతున్నాడు. చాలా కాలానికి ఆ ఇద్దరూ కలిసి నవ్వడం చూశాను.

మా బుర్రలకేమైందో తెలియదు. మా ఇళ్ళ నిండా అలా తెచ్చుకున్న సామానే ఉంది. అయినా మంచి అల్మారాలు తీసుకెళ్ళి గడ్డి మీద పెట్టి, పొద్దుటికి అక్కడే ఉంటాయనుకున్నాం. శనివారం నేను బేకరీలో ఉన్నాను, జరిగింది వాల్మా చెప్పగా విన్నదే. తెల్లారేసరికి పరుపు తప్ప ఏమీ మిగల్లేదు. దాన్ని ఎవరో చెట్టుకు ఆనించి రెండు కార్లు పెట్టేశారు. సరిగ్గా వ్యాను పట్టేంత ఖాళీ ఒక్కటి మిగిలింది. వాల్మా పరిగెత్తుకెళ్ళి అందులో నిలబడింది. ఒక కారును తరిమింది, ఇంకో కారును తరిమింది. వ్యాను వచ్చే వేళైంది. లోపల క్లారీకి ఇంకా చొక్కా కూడా వెయ్యలేదు.

అప్పుడు ఆమెకు ఒక ఆలోచన తట్టింది. లోపలికి వెళ్ళి చక్రాల కుర్చీని తోసుకొచ్చి ఆ ఖాళీ నడిమధ్యన పెట్టింది, బ్రేకు వేసింది, సీటు మీద దుప్పటి మడిచి పెట్టింది. చక్రాల కుర్చీ చూసి కూడా అక్కడ కారు పెట్టే మనిషి ఈ ఊళ్ళో ఉండడనుకుంది. అక్కడిదాకా ఆమె అనుకున్నది నిజమే. కుర్చీ ఉన్నంతసేపూ ఎవరూ కారు పెట్టలేదు. కాకపోతే పక్కనే పరుపు ఉంది, అది పాత సామాన్ల వారం. క్లారీకి చొక్కా గుండీలు పెట్టి, మేజోడు వేసి ఆమె బయటికొచ్చేసరికి కుర్చీ లేదు. కుర్చీ ఉన్నచోట వెండిరంగు కారు ఉంది.

వ్యాను వచ్చింది. డ్రైవర్ దిగి చూశాడు. బండి ఆపడానికి చోటు లేదు, మనిషిని తేవడానికి కుర్చీ లేదు. లోపల ఇంకో ఇద్దరు రోగులున్నారు. అతను తల వంచుకుని, క్షమించమ్మా అని బండెక్కాడు.

వాల్మా నెట్‌బాల్ మైదానానికి నడిచింది. ఆట జరుగుతున్న కోర్టు మధ్యలోకి వెళ్ళి చెయ్యెత్తి నిలబడింది. ఈలలు ఆగిపోయాయి, బంతి ఆగిపోయింది. వెండిరంగు కారు ఎవరిది అని అడిగింది. అంతమందిలో ఒక్కరూ పలకలేదు. కారు తీస్తే చాలు, ఫోన్ చేసి వ్యానును వెనక్కి పిలుస్తాను, కుర్చీ నేనెలాగో తెచ్చుకుంటాను అంది. నల్లకళ్ళద్దాల మనిషి ఒకతె కాఫీ కప్పు దించకుండానే, "అది కౌన్సిల్ నేలమ్మా, మీది కాదు. పిల్లల ఆట పాడుచెయ్యకండి" అంది. వెంటనే కొందరు చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టారు, ఆ మాట నేను షాంటెల్ నోటి నుంచే విన్నాను. ఆమె ఏడుస్తూ చెప్పింది. ఏడ్చి ఏం లాభం, ఆ రోజు ఆమె కూడా అక్కడే నిలబడి ఉంది.

డయాలిసిస్ సెంటర్‌లో ఆ రోజు ఇక ఖాళీ లేదు. సోమవారం పొద్దున రమ్మన్నారు, అప్పటిదాకా నీళ్ళు తక్కువ తాగమన్నారు. ఆదివారం మధ్యాహ్నానికే క్లారీకి ఊపిరి అందలేదు. అంబులెన్స్ వచ్చి రోడ్డు నడిమధ్యన ఆగింది, వెనక బస్సులు నిలిచిపోయాయి. అప్పుడు మాత్రం ఎవరికీ ఏ రూలూ గుర్తు రాలేదు. ఆస్పత్రి నుంచి ఆయన్ని తిన్నగా హోంకు పంపారు. ఆ ఇంటికి ఇక వ్యాను రాదని వాళ్ళు ముందే చెప్పారు కదా.

సోమవారం సాయంత్రం లోపెటి అనే టోంగా దీవుల మనిషి ఆ కుర్చీ తెచ్చాడు. నేను అప్పుడు వాల్మా దగ్గరే ఉన్నాను. కుర్చీని శుభ్రంగా తుడిచి, చక్రాలకు నూనె పెట్టి, దుప్పటి ఉతికి మడతపెట్టి తెచ్చాడు. గడ్డి మీద పెట్టలేదు, రెండు చేతులా ఎత్తుకుని వరండా దాకా మోసుకొచ్చాడు. చర్చిలో ఒక ముసలాయన కోసం తీసుకెళ్ళాడట. సీటు కింద ఆస్పత్రి చీటీ మీద పేరూ ఇంటి అడ్రసూ చూసి అతని భార్య గుర్తుపట్టిందట.

"పరుపు పక్కనుంటే వదిలేశారనుకున్నానమ్మా. తలుపు కొట్టి అడగాల్సింది."

"ఎవరడుగుతారు నాయనా, ఈ వారంలో? నేనైనా తీసుకెళ్ళేదాన్నే" అంది వాల్మా. తర్వాత నా వైపు తిరిగింది. "చూడు, ఇతని తప్పు లేదు. రేంజర్ని అడుగు, అతని తప్పూ లేదంటాడు. వ్యానువాళ్ళదీ లేదు. అందరూ రూలు ప్రకారమే ఉన్నారు. ఎవరి తప్పూ లేకుండానే నా మొగుడు ఇల్లొదిలి పోయాడు."

లోపెటి తలుపు దగ్గరే నిలబడి ఏడ్చాడు. ఈ మొత్తం వ్యవహారంలో సిగ్గుపడింది అతనొక్కడే, అతనికి ఆ అవసరమే లేదు.

నేను కౌన్సిల్ సమావేశానికి వెళ్ళి అడిగాను. మైకు ముందు నిలబడి గొంతు చించుకున్నాను. విచారకరమైన ఘటన అన్నారు, నిబంధనలను సమీక్షిస్తామన్నారు, తర్వాతి అంశం పిల్లల పార్కులో బెంచీల రంగు గురించి అని పిలిచారు. ఆ రాత్రి ఇంటికొచ్చి నేను అన్నం ముట్టలేదు. వాల్మా మాత్రం ఊరికే కూర్చోలేదు. రోజూ రెండు బస్సులు మారి హోంకు వెళ్ళి వస్తూనే, వ్యానుల ఆఫీసు వెంటపడింది. సీజను అయిపోయింది, శనివారాలు వీధి ఖాళీ, కావాలంటే వచ్చి చూసుకోండి అని వాళ్ళను విసిగించి విసిగించి ఒప్పించింది. మళ్ళీ ఇంటికి పంపడానికి వాళ్ళు సరేనన్న రోజున ఆ కబురు చెప్పడానికి నన్ను కూడా కారులో తీసుకెళ్ళమంది.

క్లారీ కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. సగం అయిపోయాడు. ఆమె చెప్పినదంతా విని చాలాసేపు ఆమె చెయ్యి నిమిరాడు.

"వద్దులే వాల్. ఇక్కడ మిషను దగ్గరికి తలుపు తీస్తే చాలు. మళ్ళీ చలికాలం వస్తుంది, వాళ్ళూ వస్తారు. నువ్వు బయట ఒక్కదానివీ అరుస్తుంటే నేను లోపల కూర్చుని వినేవాణ్ణి చూడు, అది ఇంక నా వల్ల కాదే."

ఇసుక లారీలను ఆపిన మనిషి, ఆయన ఒళ్ళో దుప్పటి సరిచేసి నా వెనకే వచ్చి కారెక్కింది. ఆయనకు ఇంటి మీద ఆశ చచ్చిపోయిందని కాదు, ఆమె కోసం చంపుకున్నాడు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ వేసవి దాటకుండానే క్లారీ హోంలోనే పోయాడు. ఇచ్చిన మాట తప్పిపోయిందని వాల్మా ఒక్కసారే అంది, అంత్యక్రియల నాడు, నాతో. ఆమె చేత మాట తప్పించింది ఎవరో నేను చెప్పగలను, ఒక్కొక్కరి పేరూ చెప్పగలను. ఏ పేరు చెప్పినా అతను రూలు ప్రకారమే ఉన్నాడని జవాబు వస్తుంది.

చలికాలం మొదలైంది, నెట్‌బాల్ మొదలైంది. మొదటి శనివారం బేకరీ ఓవెన్ చెడిపోయి నేను ఇంటి దగ్గరే ఉన్నాను. వాల్మాకు రొట్టె ఇద్దామని వెళ్ళాను. ఇంతలో గడ్డిపట్టీ మీదికి ఒక నీలంరంగు కారు ఎక్కి ఆగింది. చూడగానే నాకు రక్తం మరిగింది. దిగింది ఒక పాతికేళ్ళ అమ్మాయి, వెనక సీట్లో బొద్దుగా ఒక పాప. ఆ అమ్మాయి తిన్నగా మెట్లు దిగి వచ్చి తలుపు కొట్టింది.

"నమస్తే అండీ. మీ ఇంటి ముందు ఓ గంట కారు పెట్టుకోవచ్చా? అడిగి పెట్టుకోవాలని క్లబ్బులో చెప్పారు."

వాల్మా ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత ఆమె భుజం మీదుగా గడ్డి వైపు చూసింది.

"ఇవాళ శనివారం కదా తల్లీ. మా ఆయన్ని తీసుకెళ్ళడానికి వ్యాను వస్తుంది. చోటుండాలి."

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. "అయ్యో, తెలీదండీ, ఇప్పుడే తీసేస్తాను" అని గబగబా మెట్లెక్కి వెళ్ళి కారు తీసి, వీధి చివరి పార్కింగ్‌లో పెట్టుకుంది. అక్కడ బోలెడు ఖాళీ ఉంది. పాపను ఎత్తుకుని కోర్టు వైపు నడిచిపోయింది. అంతే, ఇంకేమీ లేదు. ఒక్క మాట అడగడం, ఒక్క మాట వినడం, నాలుగు అడుగులు నడవడం. క్లారీని ఇంట్లో ఉంచడానికి ఈ ఊరు చెయ్యాల్సింది అంతే.